ఎత్తిన కర్ర, ఒక్క ఊఁ

మేస్త్రి భార్య కొట్టే ఊఁని ఆయన తోడల్లుడు దొంగిలించాడు. ఇందులో అనుమానానికి తావు లేదు. పట్టపగలు, గోల్ఫు ప్రాక్టీసు మైదానంలో, పక్క మ్యాట్ మీద నుంచి మేస్త్రి తన చెవులతో తాను విన్నాడు.

చనిపోయిన మనిషి గొంతులోంచి వచ్చే శబ్దం ఇంకొకడి నోట్లో దొరికితే దాన్ని దొంగతనం అనక ఏమంటారు? వస్తువు పోతే పోలీసులున్నారు. దీనికి ఎవరున్నారు? అందుకే మేస్త్రి ఎవరికీ చెప్పుకోలేదు. లోపలే ఉడికిపోయాడు.

మొదటి నుంచీ చెప్పుకుంటే సంగతి ఇదీ. మేస్త్రి ఇనప గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. పల్లెటూరి బడిలో నాలుగక్షరాలు నేర్చి, ఆ తర్వాత సుత్తి పట్టినవాడు నడుం పట్టేసేదాకా వదల్లేదు. షెడ్డు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకుంటే బాగుండేది. గిన్నెలు సర్దే పద్ధతి ఇది కాదన్నాడు. తలుపు కిర్రుమంటోందన్నాడు. ఎదురింటివాళ్ళ గేటుకి రంగు వేసిన తీరు చూసి, పనిగట్టుకుని వెళ్ళి మరీ తగువు పెట్టుకున్నాడు. భార్యకి ప్రాణం విసిగి చెల్లెలి దగ్గర మొర పెట్టుకుంది.

ఆ చెల్లెలి మొగుడే ఈ తోడల్లుడు. మందుల షాపు నడిపి, మానేసి, హాయిగా తిరుగుతున్న మనిషి. గొంతు పైకి లేవదు. ముఖం చిట్లించడు. పిల్లా పెద్దా అందరూ అతన్ని నెత్తిన పెట్టుకుంటారు. మేస్త్రికి అక్కడే ఒళ్ళు మండేది. మెత్తగా మాట్లాడేవాణ్ణి నమ్మకూడదని ఆయన నమ్మకం. అప్పటికే గోల్ఫు ఆడుతున్న తోడల్లుడు, "అన్నయ్యని నాతో పంపించు వదినా, గాలి మారినట్టుంటుంది" అన్నాడట. మేస్త్రి వెళ్ళాడు. కానీ అడిగిన వాళ్ళందరితోనూ, దారిన పోతూ చూసి నేనే చేరాను అనేవాడు.

ఆటలో ఏముంది, కదలని బంతిని కర్రతో కొట్టడమేగా అనుకున్నాడు. జీవితమంతా సుత్తి ఎత్తిన చేతికి ఇదో పనా? ఆ సుత్తే కొంప ముంచింది. ఎర్రగా కాలిన ఇనుము చల్లారేలోపు దెబ్బ పడాలి కాబట్టి సుత్తి ఎత్తినవాడు ఎత్తగానే దించుతాడు. గోల్ఫు కర్ర అలా కాదు. భుజం మీదికి వెళ్ళాక అక్కడ రెప్పపాటు నిలవాలి. ముందు నడుం తిరగాలి, దాని వెనక చేతులు రావాలి. మేస్త్రికి చేతులే ముందు పరిగెత్తుకొచ్చేవి. బంతి బయల్దేరడం సూటిగానే బయల్దేరేది. సగం దారిలో ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు కుడి పక్కకి తిరిగి, వలకి తగిలి కిందపడేది.

కోచ్ చేయాల్సిందంతా చేశాడు. పొడుగాటి మనిషి, చాటుగా అందరూ గడకర్ర అనేవాళ్ళు. చంకలో తువ్వాలు పెట్టించి అది జారకుండా కొట్టమన్నాడు. పాదాలు దగ్గర పెట్టించాడు. కళ్ళు మూయించాడు. కర్ర పైకెత్తాక మనసులో ఒకటి, రెండు అనుకోమన్నాడు. మేస్త్రి ఒకటి అనుకునేసరికే కర్ర కిందికొచ్చేసేది.

"మేస్త్రిగారూ, బంతి ఎక్కడికీ పారిపోదండీ. మీరు నెమ్మదిగా వచ్చినా అక్కడే ఉంటుంది" అన్నాడు చివరికి.

బెంచీ మీద ముసలాళ్ళు పగలబడి నవ్వారు. తోడల్లుడు నవ్వలేదు. తల వంచుకుని బంతులు ఏరుకున్నాడు. ఆ నవ్వకపోవడం మేస్త్రికి నవ్వుకంటే ఎక్కువ కాలింది.

అలా ఉండగా భార్య కూడా రావడం మొదలుపెట్టింది. మ్యాట్ల వెనక ఉన్న బెంచీ మీద కూర్చునేది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కుట్టుపని ఉండేది, ఊడిన గుండీలో, చిరిగిన జేబులో. ఆట వైపు చూసేది తక్కువ. ఒకరోజు మేస్త్రి కర్ర భుజం మీదికి ఎత్తాడో లేదో, వెనక నుంచి "ఊఁ" అని వినిపించింది. కథ చెప్పేవాడికి వినేవాళ్ళు కొట్టే ఊఁ. గట్టిగా కాదు, మెల్లగా కాదు. ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటులో చేతులు ఆగాయి, నడుం ముందు తిరిగింది. బంతి గీత గీసినట్టు పోయింది.

తిరిగి చూశాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ తనకేమీ తెలియనట్టు కూర్చుని ఉంది.

"ఏంటే అది?"

"కథ చెప్పేవాళ్ళలా అంత ఆర్భాటంగా చెయ్యెత్తారు కదా, ఊఁ కొట్టాను. కానివ్వండి, తర్వాతేమైంది?"

ఆ రోజు నుంచీ అదే వరస. కర్ర పైకి, ఊఁ, కర్ర కిందికి. బంతి సూటిగా. బెంచీ మీది ముసలాళ్ళు, మేస్త్రికి తాళంచెవి ఇంటావిడ దగ్గరుందిరా అనేవాళ్ళు. మేస్త్రి పైకి కసురుకునేవాడు గానీ, లోపల పొంగిపోయేవాడు. ఇంట్లో ఆయన మాటకి ఆవిడ ఊఁ కొట్టిన పాపాన పోలేదు. ఒకటంటే రెండనేది. ఇక్కడ మాత్రం ఆయన ఊపిరి ఎక్కడ బిగుస్తుందో, చేతులు ఎక్కడ తొందరపడతాయో వెంట్రుకవాసి తేడా లేకుండా ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ప్రేమ అనే మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. ఆయనా అడగలేదు. అడగాల్సిన పని లేకుండా ఆ ఊఁ ఉంది. అది ఆయనది, ఆయన ఒక్కడిది.

తర్వాత ఆవిడ పోయింది. గుండె. మంచాన పడి తీసుకోలేదు, ఎవరికీ చెప్పి వెళ్ళలేదు.

మేస్త్రి మళ్ళీ మైదానానికి వెళ్ళాడు. కర్ర ఎత్తేవాడు, వినేవాడు. వెనక ఏమీ ఉండేది కాదు. చేతులు దిగిపోయేవి. బంతి పాత దారిన వల మీదికి పోయేది. తనే ఊఁ అనుకుని చూశాడు. నోరూ చేతులూ ఒకేసారి కదిలాయి. తన ఊఁకి తనకే విలువ లేదు. అయినా బంతుల బుట్ట తెచ్చుకోవడం మానలేదు. ఆ మ్యాట్ మీద నిలబడితే వెనక బెంచీ ఉందన్న ధ్యాస ఉండేది, అంతే.

అప్పుడు విన్నాడు. వీపు వెనక, పక్క మ్యాట్ మీద తోడల్లుడు కర్ర ఎత్తాడు, గొంతులోనే "ఊఁ" అన్నాడు, దించాడు. టప్పుమంది. మళ్ళీ ఎత్తాడు, ఊఁ, టప్. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మేస్త్రి చెవులు పక్కకి పోయి ఎరగవు. ఇప్పుడు ఖాళీ అయ్యేసరికి ప్రతిదీ వచ్చి పడుతోంది. అదే ఊఁ. గొంతు వేరు, అంతే. ఎత్తుకీ దింపుకీ మధ్య అదే చోట, అదే నిదానం.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఎప్పుడు చెప్పింది వాడికి? ఎందుకు చెప్పింది? ఒక్కొక్కటే తవ్వి తీశాడు. ఫ్లాస్కులో టీ తెస్తే ముందు వాడికి పోసేది. పరాయివాడు కదా, మర్యాద అనుకున్నాడు అప్పట్లో. కుళాయి దగ్గర ఇద్దరూ నిలబడి ఏదో మాట్లాడుకుంటుంటే, తను రాగానే మాట మార్చారు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని పట్టుకుని వదల్లేదు. ఆవిడ మీద ఇంకో రకం అనుమానం ఆయనకి లేదు. ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక పేరు ఉండేది. తనకి మాత్రమే అనుకున్నది పంచిపెట్టిందే, అది కోసేసింది.

నిర్ధారణ చేసుకోవాలని తోడల్లుడి వెనక చేరి, వంగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కోచ్ చూసి, "మేస్త్రిగారూ, లేసుల్లేని బూట్లు కొనుక్కోరాదూ" అన్నాడు. మేస్త్రి ముఖం మాడ్చుకుని లేచాడు. బెంచీ మీది వాళ్ళతో, "వాడి స్వింగ్ వాడిది కాదు" అన్నాడు. ఎవరిదయ్యా మరి అంటే బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దవాళ్ళ జంటల పోటీ వచ్చింది. ఇద్దరికి ఒకే బంతి, ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. ఒకే ఇంటివాళ్ళు కదా అని కోచ్ ఈ ఇద్దర్నీ జత చేశాడు. మేస్త్రి వద్దనబోయాడు. మళ్ళీ ఆగాడు. నలుగురిలో నిలదీయడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

మరదలు కూడా వచ్చింది, గొడుగూ ఫ్లాస్కూ పట్టుకుని. నడకలో అక్క పోలికే. అందుకే మేస్త్రి ఆమె వైపు చూడటం మానేశాడు.

ఆట మొదలైంది. మేస్త్రి కొట్టిన బంతి పొదల్లోకి పోయేది. తోడల్లుడు వెతికి, అక్కడి నుంచి ఊఁ అనుకుని కొట్టి దారిలోకి తెచ్చేవాడు. మళ్ళీ మేస్త్రి దాన్ని ఇసుకలోకి పంపేవాడు. తోడల్లుడు ఒక్క మాట అనలేదు. "పరవాలేదన్నయ్యా" అన్నాడు. పోటీకి వచ్చిన అవతలి జంట, నీకు ఓపిక ఎక్కువయ్యా అని తోడల్లుణ్ణి మెచ్చుకుంది. అది చాలు.

"ఆ ఊఁ నీకెవరు నేర్పారు?" అన్నాడు మేస్త్రి.

తోడల్లుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏ ఊఁ అన్నయ్యా?"

"నటించకు. కర్ర ఎత్తినప్పుడు గొణుగుతావే, అది."

అతను భార్య వైపు చూశాడు, గడ్డి వైపు చూశాడు. "అలవాటన్నయ్యా. నీకు ఇబ్బందైతే మానేస్తాను" అన్నాడు.

ఎక్కడ దొరికింది అంటే చెప్పలేదు. మానేస్తానన్నాడు. దొరికిపోయిన దొంగ సొత్తు కింద పెట్టినట్టే కదా అది. మేస్త్రికి ఇంకేం రుజువు కావాలి?

మానేశాడు కూడా. నోరు బిగించి కొట్టాడు. బంతి ఎడమకి పోయింది. ఇంకోసారి నేలని తవ్వింది, మట్టిగడ్డ బంతి కంటే దూరం ఎగిరింది. ఆపైన తోడల్లుళ్ళిద్దరూ కలిసి ఆ మైదానంలో పొద అన్నది వదలకుండా గాలించారు. వెంట నడుస్తున్న కోచ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకున్నట్టుంది అన్నాడు. మేస్త్రికి మాత్రం చాలా రోజుల తర్వాత కడుపు చల్లబడింది. అవతలి జంట వినేలా, కావాలని గొంతు పెంచి అన్నాడు:

"ఇన్నాళ్ళూ మా ఆవిడ పుణ్యాన ఆడాడండీ. ఇవాళ బయటపడింది."

మరదలు విన్నది. గొడుగు మూసి చేతిలో గట్టిగా పట్టుకుంది. తోడల్లుడు ఆమె మోచెయ్యి తాకి ఏదో గొణిగాడు. ఆమె ఊరుకుంది, అప్పటికి.

ఆఖరి గుంత దగ్గరకి వచ్చారు. విచిత్రం ఏమిటంటే అవతలి జంట కూడా అంతంతమాత్రమే ఆడింది, గెలుపు ఇంకా ఎటూ తేలలేదు. ముందు నీటిమడుగు ఉంది, దాటితే జెండా. కొట్టాల్సింది మేస్త్రి. అక్కడ పక్కకి పోతే పొద కూడా ఉండదు, నీళ్ళే.

కాళ్ళు సరిచేసుకున్నాడు. చేతులు చెమట పట్టాయి, ప్యాంటుకి తుడుచుకున్నాడు. కర్ర ఎత్తాడు.

"ఊఁ."

వెనక నుంచి. అదే చోట. వెంట్రుకవాసి తేడా లేదు. చేతులు ఆగాయి, నడుం తిరిగింది, కర్ర దిగింది. బంతి మడుగు దాటి జెండా పక్కన వాలి, కొంచెం దొర్లి, ఆగింది. మేస్త్రి మెడ మీద రోమాలు లేచి నిలబడ్డాయి. తిరిగి చూడలేదు. చూస్తే ఆవిడ ఉండదని తెలుసు. అవతలి జంట చప్పట్లు కొడుతుంటే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

తర్వాత తిరిగాడు. వెనక తోడల్లుడు నిలబడి ఉన్నాడు, భుజాన సంచీ, ముఖంలో తప్పు చేసిన వాడి చూపు.

"నీకెవరిచ్చారు ఆ హక్కు?" అన్నాడు మేస్త్రి. "నువ్వెవడివి అది అనడానికి?"

తోడల్లుడు నోరు తెరిచేలోపు మరదలు మధ్యకొచ్చింది.

"చాల్లే బావా. మా ఆయన్ని నలుగురిలో దొంగని చేశావు, అక్క మొహం చూసి ఊరుకున్నాను. ఇంక ఊరుకోను. ఆ ఊఁ ఈయనది. చిన్నప్పట్నుంచీ ఈయనది."

తోడల్లుడు వద్దని చెయ్యి ఊపాడు. ఆమె ఆగలేదు. అతని తాతకి కథలు చెప్పే పిచ్చి ఉండేదట. మనవడు ఊఁ అనందే కథ ముందుకి నడిచేది కాదు. ఆట నేర్చుకునేటప్పుడు అతనికీ ఇదే తొందర ఉంటే, తాత ముందు కూర్చున్నట్టు ఊఁ అనుకుని సరిచేసుకున్నాడు. బావకి కావల్సింది అదేనని మొదటి వారంలోనే గ్రహించాడు. కానీ బావతో చెప్పడం ఎలా? మంచినీళ్ళు తాగమన్నా, వీడెవడు నాకు చెప్పడానికి అనే మనిషి. అందుకని వదినతో చెప్పాడు. వదినకి ఆట తెలియదు. ఎప్పుడు అనాలి అని అడిగింది. అన్నయ్య వీపు వెనకే నా మ్యాట్, నేను కనిపెట్టి చూస్తాను, ఎత్తిన నా వేలు దించగానే అను అన్నాడు.

"అక్క నీ కర్ర వైపు చూడలేదు బావా. ఈయన వేలు వైపు చూసేది" అంది మరదలు.

అనేశాక తన మాటకి తనే బెదిరినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేస్త్రి కర్ర పట్టు దగ్గర అరిగిపోయిన చోటు చూస్తూ నిలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది. బెంచీ మీద సూదీ దారం, వంచిన తల. ఇన్నాళ్ళూ ఆయన మనసులో పదిలంగా పెట్టుకున్న ఆ బొమ్మలో ఇప్పుడు ఆ తల ఆయన వైపు లేదు. పక్కకి తిరిగి ఉంది. ఇంకొకడి వేలు కోసం ఎదురు చూస్తోంది.

"కొన్నాళ్ళే అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. "తర్వాత వదినకే పట్టుబడింది. నేను దించకముందే అనేసేది. నేను మానేశాను. వదిన నావైపు చూడటమూ మానేసింది."

ఎప్పటి నుంచి? ఆ ప్రశ్న నాలుక చివరికి వచ్చింది. ఏ పూట నుంచి ఆ ఊఁ ఆవిడది? ఆవిడ పోయే ముందు ఆఖరుసారి అన్నది ఎవరిది? మేస్త్రి పళ్ళు బిగించాడు. అడిగితే జవాబు వస్తుంది. కానీ వచ్చేది వాడి నోట్లోంచి. ఆవిడ తనని చూసిందో లేదో కూడా వాడు చెబితేనే తనకి తెలియాలా?

కర్ర సంచీలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని, గేటు వైపు నడిచాడు. గుంతలోకి బంతిని తోడల్లుడు ఒక్కడే నెట్టాడట. గెలిచారట. కప్పు ఒకటి మేస్త్రి ఇంటికి వచ్చింది. విప్పకుండానే వెనక్కి పంపాడు. మరదలు ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు బాగానే చెప్పావమ్మా, పెట్టెయ్ అన్నాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ మైదానంలో కనిపించాడు. ఈసారి అటు చివరి మ్యాట్. అక్కడ వీపు వెనక గోడ తప్ప ఏమీ ఉండదు. సుత్తి ఎత్తినట్టు ఎత్తాడు, సుత్తి దించినట్టు దించాడు. బంతి కుడికి తిరిగి వలకి తగిలింది. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. కోచ్ వచ్చి, అదేమిటండీ, ఆ రోజు అంత బాగా ఆగారు కదా, ఆ ఆగడం ఏమైంది అన్నాడు. మేస్త్రి అతని వైపు చూడకుండా, నా కొట్టుడు ఇదే, వంకరైనా నాది అన్నాడు. కోచ్ భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మ్యాట్లు ఖాళీ అవుతుంటే తోడల్లుడు వచ్చాడు. దగ్గరకి రాకుండా, గోడ మొదట్లో నిలబడ్డాడు. మేస్త్రి బుట్ట ఖాళీ చేస్తూనే ఉన్నాడు.

"అన్నయ్యా" అన్నాడు చివరికి. "వదిన నా వేలు చూడటం మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు వదిన ఒక మాట కూడా అంది. చెప్పనా?"

మేస్త్రి కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. అంతసేపు ఆయన కర్ర పైన నిలవడం ఆ మైదానంలో ఎవరూ చూసి ఉండరు. మెల్లగా, బంతిని కొట్టకుండానే దించాడు.

"వద్దు" అన్నాడు. "ఆ సంగతి నువ్వెత్తకు. నేనూ ఎత్తను. ఇదే ఆఖరు."

తోడల్లుడు ఇంకేదో అనబోయాడు. మేస్త్రి వీపు తిప్పి బుట్టలోంచి ఇంకో బంతి తీసుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఎండల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆ మాట మాత్రం మేస్త్రి ఎత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఎత్తడు కూడా.